సగం మందు

చంద్రశేఖరానికి ఆధార్ కార్డులో రాసి ఉండే వయసు మీద రవ్వంత నమ్మకం లేదు. "మన రెండు జిల్లాల్లో సగం జనం జనవరి ఒకటో తారీకునే పుట్టారా ఏటి? ఆ ఒక్కరోజూ మంత్రసానులు ఎంత పరిగెట్టి ఉంటారో పాపం!" అనేవాడు. అందుకే కేన్సర్ మందు ఎక్కించే వార్డుకి కొత్త రోగి ఎవరొచ్చినా కార్డు పక్కన పెట్టేసి, "పెళ్ళైన ఎన్నో ఏడు పెద్దోడు పుట్టాడు? వాడికిప్పుడెన్నేళ్ళు? తితిలీ తుఫాను నాటికి వాడి కొడుకు నడిచేవాడా, పాకేవాడా?" అని కోర్టులో వకీలులా నిలదీసేవాడు. అలా పావుగంట గుంజి గుంజి చివరికి ఒక వయసు తేల్చి, దాన్నే కాగితం మీద వేసేవాడు. రోగులు నవ్వుకునేవారు. నర్సు ప్రిస్కిల్లా మాత్రం, "ఈయన దగ్గరికి దేవుడొచ్చినా పుట్టిన ఏడు చెప్పి తీరాలి" అని గొణిగేది.

అదంతా చాదస్తం అనుకుంటే పొరపాటే. చంద్రశేఖరం ఆ వార్డులో ఫార్మసిస్టు. కొన్ని కేన్సర్ మందులు ఒంట్లోకి వెళ్ళాక కిడ్నీల గుండానే బయటికి పోవాలి. కిడ్నీలు చురుగ్గా ఉంటే మందు వచ్చిన పని చూసుకుని వెళ్ళిపోతుంది. అవి మందగిస్తే, వెళ్ళాల్సిన మందు ఒంట్లోనే తిష్ట వేసుక్కూర్చుని, గడ్డతో పాటు మనిషినీ తినేస్తుంది. అందుకని మందు కలిపే ముందు ఆ మనిషి కిడ్నీలు ఎంత వడకట్టగలవో లెక్క కట్టాలి. దానికి మూడు సంగతులు కావాలి. వయసు, బరువు, రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చెప్పే అంకె. ఈ అంకె పెరిగిందంటే కిడ్నీ తగ్గిందని అర్థం. మూడింట్లో ఏది తప్పినా మందు తప్పుతుంది. లెక్క చంద్రశేఖరం వేసేవాడు, డాక్టరు శ్రీలలిత చూసి సంతకం పెట్టేది.

ఈ ఆసుపత్రి ఎక్కడ, దాని పేరేమిటి అని నన్నడక్కండి. శ్రీకాకుళం వైపు అంటే చాలు.

చీపురుపల్లిలో చంద్రశేఖరం తండ్రి లెక్కల మాస్టారు. దశాంశం చుక్క ఒక గడి పక్కకి జరిగిందంటే స్కేలు అంచుతో మెటికల మీద వేసేవాడు. "చుక్క జరిగితే కొంప మునిగిపోతుందిరా శేఖరం" అనేవాడు. ఆ దెబ్బలు తిన్న చెయ్యి మళ్ళీ చుక్క జరపలేదు. ఫార్మసీ చదివి, విజయనగరంలో మందుల షాపుల్లో పదేళ్ళు పనిచేసి, తర్వాత ఈ ఆసుపత్రికొచ్చాడు. ఇక్కడ ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన వేసిన లెక్క తప్పిందన్నవాడు లేడు. ఈ మధ్య ఆ లెక్కంతా క్షణంలో చేసిపెట్టే యాప్ ఒకటి ఫోన్లోకి వచ్చింది. ఆయన ముందు కాగితం మీద చేసుకుని, ఆ తర్వాత ఫోన్లో చూసేవాడు, ఫోను సరిగ్గా చేసిందో లేదోనని.

బరువు కూడా తనే తూచేవాడు. చెప్పులు విప్పించి, కొంగున మూట కట్టిన చిల్లర సామానంతా తీయించి మరీ తూచేవాడు. కొంగులో తమలపాకులూ, తాళం చెవుల గుత్తీ పెట్టుకుని బరువు యంత్రం ఎక్కిన ఆడవాళ్ళని ఎంతమందిని పట్టుకున్నాడో లెక్కలేదు.

మరి ఇంత జాగ్రత్త మనిషికి లోపమే లేదా అంటే, ఉంది. నోరు. చెడ్డ నోరు కాదు, మరీ పొదుపు నోరు. రోగికి చెప్పాల్సింది అంకెల్లో చెప్పేసి, ఇక చెప్పేదేముందన్నట్టు తల దించుకునేవాడు. ఇంట్లోనూ అంతే. ఆయన భార్య జగదీశ్వరి ఓసారి జ్వరంతో మూడు రోజులు పడుకుని లేచి, "కూరలో ఉప్పు చిటికెడు తగ్గితే మీకు తెలుస్తుంది. మనిషి తగ్గితే తెలీదు" అంది. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, అలా ఎందుకందో అడగలేదు.

క్రియాటినిన్ అన్న మాట మిగతా ఊళ్ళ వాళ్ళకి కొత్త కావచ్చు గానీ, ఉద్దానం వాళ్ళకి కాదు. కొబ్బరి తోటలూ జీడి తోటలూ పచ్చగా ఉండే ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఎంతమంది పెద్దపెద్ద వాళ్ళు వచ్చి చూసినా తేలలేదు. అక్కడ బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు, "నీకెంత?" "నాకు రెండున్నర. నీకో?" "ఓలమ్మో, నాకు మూడు దాటేసినాది" అని మాట్లాడుకుంటుంటే, వడ్ల ధర గురించేమో అనుకుంటాం. కాదు, క్రియాటినిన్. అంకె ఐదు దాటితే పింఛను కాగితం పెట్టుకోవచ్చు. అందుకని అక్కడ ఆ అంకె ఒంటికి సంబంధించినదే కాదు, ఆఫీసుకి సంబంధించినది కూడా.

ఆ ఊళ్ళ నుంచి మందు కోసం వచ్చేవాళ్ళు మొదట్లో రెండేసి సార్లు రావలసి వచ్చేది, ఒకసారి రక్తం ఇవ్వడానికి, మళ్ళీ మందు ఎక్కించుకోడానికి. మనుషులు బస్సుల్లో వాంతులు చేసుకుంటూ రావడం చూసి చంద్రశేఖరానికే జాలేసింది. శ్రీలలితతో మాట్లాడి, రెండు రోజుల ముందు వాళ్ళకి దగ్గర్లోని ల్యాబులో పరీక్ష చేయించుకుని ఆ కాగితం తెస్తే చాలు అని ఒప్పించాడు. మర్నాడు మందున్న వాళ్ళ కాగితం ఎవరైనా ముందురోజే తెచ్చిస్తే మందు సిద్ధం చేసి ఉంచేవాడు. జనం చల్లగా ఉండు బాబూ అని దీవించారు. ఆ దీవెనలు ఆయనకి బాగానే రుచించాయి.

లక్ష్మణమ్మ అలా వచ్చిన మనిషే. భావనపాడు వెళ్ళే దారిలో వాళ్ళ ఊరు. జీడిపిక్కలు కొట్టే పని. జీడి రసం అంటి వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి ఉండేవి. మొగుడు కూర్మయ్య కిడ్నీ జబ్బుతో పోయి నాలుగేళ్ళయింది. అండాశయంలో గడ్డ అని తేలాక, "మూడు విడతలు మందు ఎక్కించి గడ్డని చిన్నది చేద్దాం, ఆ తర్వాత ఆపరేషన్ చేసి తీసేద్దాం, బతుకుతావు" అని శ్రీలలిత చెప్పింది. ఆ చివరి మాటే లక్ష్మణమ్మ పట్టుకుంది. తోడుగా చెల్లెలు దేవి వచ్చేది. అదే ఊరు, అదే పని, అక్క కన్నా ఏడేళ్ళు చిన్న. గలగలా మాట్లాడే మనిషి.

చంద్రశేఖరం కార్డు పక్కన పెట్టి, పెళ్ళీ పిల్లలూ తుఫానూ అన్నీ అడిగి, లక్ష్మణమ్మకి యాభై రెండేళ్ళని తేల్చాడు. బరువు నలభై నాలుగు కిలోలు. ల్యాబు కాగితంలో క్రియాటినిన్ ఒకటీ పాయింట్ ఎనిమిది. ఆ కిడ్నీలు మంచి కిడ్నీలు చేసే పనిలో పావు వంతు చేస్తున్నాయంతే. లెక్క కడితే మందు రెండు వందల యాభై మిల్లీగ్రాములు వచ్చింది. అంతే కలిపాడు.

పక్క మంచం మీద పార్వతీపురం నుంచి వచ్చిన ఆవిడకి అదే మందు ఎక్కుతోంది. పక్క పక్క మంచాల వాళ్ళు ఊరుకుంటారా! కూరలు పోల్చుకున్నట్టు సీసాలు పోల్చుకున్నారు. దేవి చక్కా లేచి చంద్రశేఖరం గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆవిడకి నాలుగొందలు దాటి ఎక్కిస్తన్నారంట. మా అప్పకి రెండొందల యాభయ్యేనేటి? సగమే ఇచ్చినారేటి?"

చంద్రశేఖరం లేచి మంచం దగ్గరికే వచ్చాడు. అంతవరకూ మంచివాడే.

"నీ కిడ్నీ అంకె ఒకటీ పాయింట్ ఎనిమిది లక్ష్మణమ్మా. అందుకే తగ్గించాం. నీళ్ళు బాగా తాగు. అంకె తగ్గించుకుని రా, మందు పెంచుతాను."

చెప్పినవన్నీ నిజాలే. లక్ష్మణమ్మ "అలగే బాబూ" అంది. ఆమె మొహం వాడిపోవడం ఆయన చూశాడు. మందు వల్ల వికారం కాబోలనుకుని ప్రిస్కిల్లాని పిలిచి ఇంజక్షన్ చేయమన్నాడు.

ఆమెకి వికారం కాదు, భయం. అది మనకి తెలుసు, ఆయనకి తెలీదు. కూర్మయ్య పోయే ముందు అతనికి ఉన్న బిళ్ళలు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చారు. ఏడు బిళ్ళలు నాలుగయ్యాయి, నాలుగు రెండయ్యాయి, ఓ పొద్దున్న "ఇంటికి తీసుకుపోండమ్మా, పెట్టగలిగింది పెట్టండి" అన్నారు. మందు తగ్గించడమంటే మనిషిని వదిలేయడమని లక్ష్మణమ్మ ఆ రోజుల్లో నేర్చుకున్న పాఠం. ఇప్పుడు తనకీ మొదలెట్టారనుకుంది. బస్సులో దారి పొడుగునా ఏడ్చిందట. మూడు వారాల పాటు బిందెడు బిందెడు నీళ్ళు తాగింది. అంకె చూపించుకుంటే ఒకటీ పాయింట్ తొమ్మిది.

రెండో విడతకి వచ్చినప్పుడు ల్యాబు కాగితంలో అంకె సున్నా పాయింట్ ఎనిమిది.

కాగితం ముందు చూసింది ప్రిస్కిల్లా. "ఏంటండీ, మూడు వారాల్లో ఇంత దిగిపోయిందా? ఉద్దానం మనిషికి?" అంది.

"నీళ్ళు తాగమన్నాను, తాగింది" అన్నాడు చంద్రశేఖరం. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

శ్రీలలిత కూడా ఆగింది. "గడ్డ తగ్గి మూత్రం దారి తెరుచుకుని ఉండొచ్చు. అలా అయ్యే వీలుంది. అయినా ఇక్కడ ఇంకోసారి చూద్దామా చంద్రశేఖరం గారూ?"

"ఇప్పుడు శాంపిల్ పంపితే వచ్చేసరికి నాలుగవుతుంది మేడమ్. మందు ఎక్కడానికి ఇంకో నాలుగు గంటలు. ఆవిడ బస్సు పోతుంది. కాగితం ఉంది కదా."

జాలి పడే చెప్పాడు. అదే నాకు కడుపు మండే సంగతి. నిర్లక్ష్యంతో చేసిన తప్పయితే నాలుగు తిట్టి ఊరుకుందుము. వయసు దగ్గర కార్డుని నమ్మని మనిషి, కొంగులో తమలపాకుల్ని కూడా తీయించే మనిషి, మూడో అంకె దగ్గరికొచ్చేసరికి ఒక ముద్ర ఉన్న కాగితాన్ని చూసి కళ్ళకద్దుకున్నాడు. ఆ రక్తం ఎవరిదని అడగాలని ఆయనకే కాదు, ఎవరికీ తోచదు. తోచదు గానీ, ఇద్దరు అనుమానపడ్డప్పుడైనా ఆగొచ్చు కదా!

లెక్క కట్టాడు. నాలుగు వందల పది. ఫోన్లోనూ చూశాడు, అంతే. శ్రీలలిత సంతకం పెట్టింది.

"చూశావా లక్ష్మణమ్మా, నీళ్ళు తాగితే అంకె ఎలా దిగిందో! ఈసారి మందు పెంచాం" అని చెప్పాడు. లక్ష్మణమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ పూట లక్ష్మణమ్మ వార్డులో అందరితోనూ మాట్లాడింది. ఆపరేషనయ్యాక మళ్ళీ పిక్కల పనికి వెళ్తానని, వేళ్ళకి ఆముదం రాసుకుంటే జీడి అంటదని, పార్వతీపురం ఆవిడకి అవసరం లేకపోయినా చెప్పింది.

పన్నెండో రోజున పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. ఒంటి మీద ఎక్కడ తాకితే అక్కడ నల్లగా కమిలింది. తర్వాత జ్వరం. కేన్సర్ మందుకి ఇలాగే ఉంటుందని ఎవరో అంటే రెండు రోజులు ఇంట్లోనే ఉంచారు. ఆసుపత్రికి తెచ్చేసరికి రక్తంలో ఉండాల్సిన కణాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఇక్కడ తీసిన రక్తంలో క్రియాటినిన్ రెండు దాటింది. జ్వరానికీ, ఒంట్లో నీరు తగ్గడానికీ కిడ్నీ దెబ్బతిన్నదనుకున్నారు. శ్రీలలిత దొరికిన రక్తం సీసాలన్నీ ఎక్కించింది, రెండు రోజులు ఇంటికి వెళ్ళలేదు. మూడో రోజు మధ్యాహ్నం లక్ష్మణమ్మ పోయింది.

చంద్రశేఖరం ఆ లెక్క కాగితం మళ్ళీ తీశాడు. ఆ వారంలో దాన్ని ఎన్నిసార్లు చేశాడో. గుణించి చూశాడు, భాగించి చూశాడు, చుక్క ఎక్కడుందో వేలు పెట్టి చూశాడు. ఎన్నిసార్లు చేసినా నాలుగు వందల పదే.

"కొందరికి ఇలా అవుతుంది. మన చేతిలో లేదు" అంది శ్రీలలిత.

"లెక్క సరిగ్గానే ఉంది మేడమ్" అన్నాడు. ప్రిస్కిల్లాకీ అదే చెప్పాడు. ఇంట్లో జగదీశ్వరి అడక్కపోయినా చెప్పాడు. "అబ్బ, మిమ్మల్ని ఎవరేమన్నారండీ!" అందావిడ.

రెండు నెలలు గడిచాయి. ఓ పొద్దున్న దేవి వచ్చింది.

లక్ష్మణమ్మ కొడుకు శ్రీకూర్మంలో తల్లి పేరున పిండం పెడితే, వాళ్ళతో వెళ్ళి తిరిగి వస్తూ ఆసుపత్రి దగ్గర దిగిపోయిందట. చేతిలో జీడిపప్పు పొట్లం, ఒక ల్యాబు కాగితం ఉన్నాయి. కాగితం తాతమ్మది. పేరుకే తాతమ్మ, నలభై అయిదేళ్ళ మనిషి, వాళ్ళ ఊరే, అదే జబ్బు. మొదటి విడత మందు ఇదివరకే ఎక్కించుకుని వెళ్ళింది, రెండో విడత ఆ మర్నాడు. మొదటి విడతప్పుడు తాతమ్మకి అంకె రెండూ పాయింట్ ఒకటి. చంద్రశేఖరం కాగితం చూశాడు. సున్నా పాయింట్ ఎనిమిది.

"ఏమ్మా, మీ ఊళ్ళో అందరికీ అంకె ఇలా దిగిపోతోందేటి? నీళ్ళేమైనా మార్చారా?"

దేవి నవ్వేసింది. "దిగడమేటి బాబూ! అది నా నెత్తురు గదా."

చంద్రశేఖరానికి అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "నీ నెత్తురేమిటి?"

"మీకు తెల్దేటి? మా ఊర్లో మంచి నంబరున్నది నాకొక్కదానికే. అప్పకీ రెండోపాలి నానే ఇచ్చినాను. ల్యాబులో పేరేటంటే లక్ష్మణమ్మని సెప్పినాను, రాసేసినారు. మరి మీరే గదా అంకె తగ్గించుకుని రమ్మన్నారు! అదేటి మన సేతిలో ఉన్నాదా? నీళ్ళు తాగి తాగి అప్ప కడుపుబ్బిపోనాది గానీ అంకె దిగలేదు. పింఛనుకేమో ఐదు దాటాలంటారు, మందుకేమో ఒకటి దాటకూడదంటారు. కాయితాల గోల! కాయితానికి ఏటి గావాలో అదిచ్చినాం."

చంద్రశేఖరం చేతిలోని కాగితం బల్ల మీద పెట్టేశాడు. దేవి అది గమనించలేదు. పొట్లం బల్ల మీద పెట్టింది.

"మీ దయ బాబూ. మా కూర్మయ్య బావని సగంలో ఒదిలేసినారు. బిళ్ళలన్నీ తగ్గించీసి తగ్గించీసి ఇంటికంపేసినారు. మొదటిపాలి మీరు సగమే ఎక్కిస్తే, నన్నూ అలగే ఒదిలేస్తన్నారే అని అప్ప ఒకటే ఏడుపు. రెండోపాలి నిండా మందు ఎక్కించినారు. అది ఎంత సంబరపడిపోనాదో! తలరాత అలగున్నాది, పోనాది. నిండా మందు ఎక్కించుకునే పోనాది, అదొక్కటే మాకు తృప్తి."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయాడు. ఇరవై రెండేళ్ళ పాటు ఏ చుక్కా జరగకుండా కాపలా కాసిన మనిషి. లెక్క సరిగ్గానే ఉంది, దేవి రక్తానికి. దేవి కిడ్నీలకి సరిపోయే మందు తీసుకెళ్ళి లక్ష్మణమ్మ ఒంట్లో పోశాడు. పోసి, నీళ్ళు తాగితే ఎలా దిగిందో చూశావా అని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు గుర్తొచ్చేసరికి ఆయనకి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

అయితే ఒక్క క్షణం ఆయనకి ఇంకో దారి కూడా కనబడింది, అది దాచను. తాతమ్మ కాగితం చింపేసి, రేపు రాగానే ఏదో వంక చెప్పి రక్తం ఇక్కడే తీయించవచ్చు. తాతమ్మకి ప్రమాదం తప్పుతుంది. దేవికి ఏమీ తెలీదు. అక్కకి మేలు చేశానన్న తృప్తితో ఆ మనిషి మిగతా బతుకు బతికేస్తుంది. ఈ విషయం దేవికి చెప్పి ఇప్పుడెవరిని బతికించాలి? అనుకున్నాడు. అనుకుని, పొట్లం కేసి చూస్తూ, "ఇంకెవరికైనా ఇచ్చావా అమ్మా?" అని అడిగాడు.

"ఇంకా లేదు. ఎగువీధావిడ ఒకర్తి అడిగినాది. ఆవిడ వైజాగు ఆసుపత్రికెల్తాది. బేస్తవారం రమ్మన్నాది. మంచి నెత్తురున్నాది, ఇస్తే నాకేటి పోతాది బాబూ?"

ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. చంద్రశేఖరం లేచి తలుపు దగ్గరికి వేశాడు. కుర్చీ దేవి వైపు జరిపాడు. రోగుల బంధువులకి ఆయన కుర్చీ వేయడం అదే మొదటిసారి. దేవి బెరుకుగా అంచు మీద కూర్చుంది.

"దేవీ, మీకు మడి ఉందా?"

"పదిసెంట్లున్నాది బాబూ. ఏటి?"

"నీళ్ళు పోయే తూము పెద్దదైతే మడికి ఎన్ని నీళ్ళు పెట్టినా ఫర్వాలేదు. తాగినంత తాగి మిగతాది పోతుంది. తూము సన్నదనుకో. అన్నే నీళ్ళు పెడితే ఏమవుతుంది?"

"నిలిచిపోతాది. సేను కుళ్ళిపోతాది."

"మరి సన్న తూమున్న మడికి ఏం చేస్తావు?"

"తక్కువెడతాను."

"తక్కువ పెడితే ఆ మడిని వదిలేసినట్టా?"

"ఒదిలీడమేటి బాబూ? దానికి అవే సాలు."

"కిడ్నీలు మందుకి తూములమ్మా" అన్నాడు. "మీ అప్ప తూము సన్నది. రెండొందల యాభై ఆవిడకి సగం మందు కాదు. ఆవిడ ఒంటికి అదే నిండా మందు. మేం ఆవిడని వదిలేయలేదు. ఆ అంకె కాగితం కోసం కాదు. తూము ఎంతుందో చూసి, మందు ఎంత పెట్టాలో తెలుసుకోడానికి. నీ నెత్తురు చూసి, నీ తూముకి సరిపడా మందు ఆవిడకి పెట్టాను."

బయట ప్రిస్కిల్లా ఎవరినో బరువు చూడ్డానికి పిలుస్తోంది. దేవి కుడిచేతి బొటనవేలు ఎడమచేతి మోచేతి మడతలో, సూది గుచ్చే చోట, అటూ ఇటూ రాస్తోంది.

"అయితే నా నెత్తురే అప్పని సంపేసినాదా?"

కాదు అన్న మాట ఆయన నాలుక చివరి దాకా వచ్చింది. "నీకు తెలీదమ్మా" అన్నాడు. "నువ్వు తెలీక ఇచ్చావు. తెలిసినవాణ్ణి నేను. ఇది సగం కాదు, నీకిదే నిండా మందు అని మీ అప్పకి ఒక్క మాట చెప్పలేదు. అంకె తగ్గించుకు రా అన్నాను. పరీక్షలో మార్కులు తెచ్చుకోమన్నట్టు చెప్పాను. తప్పు నాది." చేతులు జోడించాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి, జీడిపిక్కలు కొట్టుకునే మనిషి ముందు అలా నిలబడిపోయాడు.

దేవి ఆయన చేతులకేసి చూడలేదు. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండును. బల్ల మీద తాతమ్మ కాగితం తీసుకుని, రెండు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుంది.

"తాతమ్మని రేపు తెస్తాను. దాని నెత్తురు మీ ఎదట మీరే తీయండి. ఎగువీధావిడకి రానని సెప్తాను. ఈ మడీ తూమూ మాట మాత్రం తాతమ్మకి మీరే సెప్పాల. నావల్ల కాదు."

"చెబుతానమ్మా. రేపు చెబుతాను. ఇక అందరికీ చెబుతాను."

ఆమె లేచింది. తలుపు తీసి, గడప మీద ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది.

"మా అప్ప మొండిది కాదు బాబూ. సెప్పుంటే ఇనీది."